హైవే పక్క ఫ్లాట్ కొనేముందు శబ్దం సంగతి ఎలా తేల్చుకోవాలి?

మియాపూర్ దగ్గర హైవే వైపు బాల్కనీ ఉన్న కొత్త ఫ్లాట్ నచ్చిందనీ, మీ ఆవిడకి నైట్ షిఫ్టులు కాబట్టి పగటి నిద్ర ముఖ్యమనీ, "సౌండ్‌ప్రూఫ్ కిటికీలు వేసిస్తాం, టెన్షన్ పడకండి" అని బిల్డర్ మనిషి అంటున్నాడనీ రాశారు. మేము అదే హైవే మీద కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. ఆ మధ్య మా బావమరిదికి ఫ్లాట్ వెతికిపెట్టాను కూడా. ఆ అనుభవంతో చెప్తున్నాను, హైవే మోత గురించి పడే బెంగలో సగమైనా పక్కింటి గోడ గురించీ పై ఇంటి శ్లాబు గురించీ పడండి. బయటి శబ్దాన్ని డబ్బు పెట్టి తర్వాతైనా చాలావరకు తగ్గించుకోవచ్చు. బిల్డింగ్ లోపలి నుంచి వచ్చేదానికి కొన్నాక మన చేతిలో ఉండేది చాలా తక్కువ.

పై ఇంట్లో కుర్చీ జరిపినా, పిల్లలు దూకినా, చపాతీ పీట గట్టు మీద కొట్టుకున్నా ఆ అదురు శ్లాబులోంచి నేరుగా మన గదిలోకి దిగుతుంది. మన దగ్గర టైల్స్‌ని సిమెంటు మీదే అతికించేస్తారు, మధ్యలో మెత్తటి పొర ఏదీ వేయరు. వేయాలంటే పై ఇంటివాళ్ల టైల్స్ కిందే వేయాలి, వాళ్లెందుకు వేస్తారు? ఫాల్స్ సీలింగ్ వేయిస్తే పోతుందని ఇంటీరియర్ వాళ్లు చెప్తారు గానీ, అదురు గోడల్లోంచి కూడా దిగుతుంది కాబట్టి పెద్ద ఫలితం ఉండదు. గోడలు కూడా కాంక్రీటుతోనే పోసే మైవాన్ బిల్డింగుల్లో పక్కింటి మాటలు తక్కువ వినిపిస్తాయి, ఆ మేరకు మంచిదే. కానీ ఎక్కడో నాలుగు అంతస్తుల అవతల డ్రిల్లింగ్ మొదలుపెట్టినా పక్క గదిలోనే చేస్తున్నట్టు ఉంటుంది.

బావమరిదికి చూసిన రెండు రీసేల్ ఫ్లాట్లలో మేమొక పని చేశాం. పై ఇంటివాళ్లని బతిమాలి, బావమరిది పైకెళ్లి డైనింగ్ కుర్చీ ఒకటి లాగాడు, స్టీలు గ్లాసు ఒకటి కింద పడేశాడు. నేను కింద బెడ్‌రూమ్‌లో తలుపు వేసుకుని నిలబడ్డాను. ఒక బిల్డింగ్‌లో గ్లాసు దొర్లి ఆగేదాకా వినిపించింది, రెండోదాంట్లో చిన్న టక్కుమనే చప్పుడు మాత్రమే. రేటూ ఏరియా ఇంచుమించు ఒకటే, రెండోది తీసుకున్నాం. మీది ఇంకా పూర్తవని బిల్డింగ్ అయితే, అదే బిల్డర్ ఇదివరకు కట్టి జనం ఉంటున్న అపార్ట్‌మెంట్‌కి వెళ్లి ఇలా చూడండి. అడిగితే ఎవరో ఒకరు ఒప్పుకుంటారు.

గోడ సంగతి. బరువైన గోడ శబ్దాన్ని ఆపుతుంది, తేలికైనది అంత ఆపదు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు) ఎర్ర ఇటుక బరువులో దాదాపు మూడో వంతే ఉంటాయి. శ్లాబు మీద బరువు తగ్గుతుంది, ఎండ వేడి తగ్గుతుంది, అవన్నీ నిజమే, కానీ తేలిక కాబట్టి శబ్దాన్ని అంతగా ఆపవు. అందుకే రెండు ఫ్లాట్ల మధ్య గోడ ఎన్ని అంగుళాలో అడగండి. ఎనిమిది అంగుళాలంటే పర్వాలేదు, నాలుగంటే మాత్రం ఆ గోడ పక్కన మంచం వేయడం కుదరదనుకోండి. ఆ గోడకి రెండు వైపులా స్విచ్ బోర్డులు ఎదురెదురుగా పెట్టారేమో కూడా చూడండి. మా పిల్లల గదిలో పక్కింటాయన ఫోన్ అలారం సాకెట్లోంచి వచ్చినట్టు స్పష్టంగా వినపడేది. బోర్డు విప్పి చూస్తే వెనక బాక్సుకీ బాక్సుకీ మధ్య బ్లాకే లేదు. కరెంటు ఆపి ఎలక్ట్రీషియన్ చేత బాక్సు వెనక పూడ్పించాక తగ్గింది.

ప్లాన్ తీసుకుని మీ ఆవిడ పడుకునే గదికి నాలుగు వైపులా, పైనా కిందా ఏమున్నాయో రాసుకోండి. లిఫ్టు గోడ, పక్కింటి బాత్రూమ్, డ్రైనేజీ పైపుల షాఫ్టు తగలకూడదు. కింది అంతస్తుల్లో అయితే జనరేటర్, మోటార్లు, ఎస్టీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు)లో గాలి ఊదే బ్లోయర్లు ఎక్కడ వస్తాయో అడగండి. బ్లోయర్ హోరు పెద్దగా ఉండదు, కానీ ఆగదు.

ఇక కిటికీలు. "సౌండ్‌ప్రూఫ్" అన్న మాట దగ్గర ఆగకుండా, పక్కకి జరిపేవా, తలుపులా తెరిచేవా అని అడగండి. జరిపే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీల్లో రెక్కల మధ్య బ్రష్ ఉంటుంది, ట్రాక్‌లో వాన నీళ్లు పోవడానికి కన్నాలుంటాయి. గాలి దూరే చోటల్లా శబ్దమూ దూరుతుంది. తలుపులా తెరిచేది మూసి హ్యాండిల్ తిప్పితే చుట్టూ రబ్బరు నొక్కుకుంటుంది. ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే. గాజు లామినేటెడ్ (రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది) అయితే మేలు. మేము రోడ్డు వైపు బెడ్‌రూమ్‌కి ఇలా మార్పించాక హారన్లు, బైకుల మోత బాగా తగ్గాయి. లారీల గుర్రుమనే శబ్దం మాత్రం కొంత మిగిలింది. ఏసీ పైపు కోసం గోడకి వేసిన కన్నంలో పనివాళ్లు గుడ్డ కుక్కి వదిలేశారు, అది సిమెంటుతో మూయించాక ఇంకాస్త తేడా తెలిసింది. గోడలకి అతికించే ఫోమ్ షీట్లు మాత్రం కొనకండి, అవి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ బయటి శబ్దాన్ని ఆపవు. కిటికీ మూస్తేనే ఈ లాభమంతా, అంటే ఏసీ కరెంటు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

మీ విషయంలో నాకు అన్నిటికంటే భయం వేసేది వేరే ఉంది. కొత్త బిల్డింగ్‌లో తాళాలిచ్చాక ఒక్కొక్కరే ఇంటీరియర్ పని మొదలుపెడతారు. టైల్ కటింగ్, ప్లైవుడ్ కోత, డ్రిల్లింగ్, అన్నీ పగలే, ఏడాది పైనే సాగుతాయి. పగలు పడుకునే మనిషికి ఇది నరకం. పక్కన ఖాళీ స్థలం ఉంటే రేపు అక్కడ సెల్లార్ తవ్వుతూ బండ పగలగొట్టే బ్రేకర్లు దిగుతాయి. అందుకే జనం నిండిన, పనులు అయిపోయిన రీసేల్ ఫ్లాట్ కూడా చూడమంటాను.

చూడటానికి వెళ్లేటప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే చాలదు. వారం మధ్యలో పగలు పదకొండుకి ఓసారి, రాత్రి లారీలను సిటీలోకి వదిలాక ఓసారి వెళ్లండి. దగ్గర్లో ఫంక్షన్ హాల్ ఉంటే పెళ్లి ముహూర్తం ఉన్న రోజు చూడాలి, ఆషాఢంలో వెళ్తే అక్కడ చీమ చిటుక్కుమనదు. నివాస ప్రాంతాలకి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఫోన్ యాప్ లెక్క కచ్చితంగా ఉండకపోయినా రెండు ఫ్లాట్లని పోల్చుకోవడానికి పనికొస్తుంది.

కిటికీ రకం, గాజు మందం, మధ్య గోడ అంగుళాలు అగ్రిమెంట్ స్పెసిఫికేషన్లలో రాయించుకోండి, నోటిమాట చెల్లదు. పనితనంలో లోపాలుంటే స్వాధీనమైన ఐదేళ్లలోపు చెప్తే బిల్డర్ సొంత ఖర్చుతో సరిచేయాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ చెప్తోంది. కాగితం మీద ఉంటేనే ఆ మాట పట్టుకుని అడగగలం.

ఫ్లాట్ ప్లాన్ ఫొటో ఇక్కడ పెట్టండి, ఏ గది ఆవిడకి ఇస్తే బాగుంటుందో చూసి చెప్తాను.