పాత పికప్‌లో వాక్యూమ్ పైపుల చిక్కుముడి

ప్రశ్న: 1980ల నాటి కార్బరేటర్ పికప్ ట్రక్కు ఒకటి తీసుకున్నాను. ఇంజిన్ మీద సన్నటి నల్ల పైపులు పదిహేను దాకా ఉన్నాయి. కొన్ని బీటలు వారాయి. రెండు పైపుల చివరలు ఎక్కడా తగిలించి లేవు, ఒకదాన్ని స్క్రూ దూర్చి మూసేశారు. ఐడ్లింగ్ కుదురుగా ఉండదు. బానెట్ కింద అంటించిన డయాగ్రం చిరిగిపోయింది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందుగా, అన్నీ ఒకేసారి పీకకండి. పగిలిన పైపయినా సరే, ఏది ఎటు వెళ్తుందో చెప్పే ఆధారం అదొక్కటే. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, ప్రతి పైపు రెండు చివరలకూ మాస్కింగ్ టేపు చుట్టి ఒకే నంబరు వేయండి. గట్టిపడిన పైపును లాగితే ప్లాస్టిక్ నిపిల్ (పైపు తొడిగే చిన్న మూతి) విరిగి చేతికొస్తుంది, అది పైపు కంటే దొరకడం కష్టం. బ్లేడుతో పైపు చివర నిలువుగా చీల్చి ఊడదీయండి.

డయాగ్రం కోసం ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్ చూడండి. సంవత్సరం, ఇంజిన్, గేర్‌బాక్సు మూడూ మీ బండివే అయ్యుండాలి. అమెరికాలో అమ్మిన బళ్లయితే కాలిఫోర్నియాకు ఒక డయాగ్రం, మిగతా రాష్ట్రాలకు ఇంకొకటి ఉండేవి. పైగా ఎవరైనా కార్బరేటర్ మార్చి ఉంటే ఆ డయాగ్రం సగమే పనికొస్తుంది. కాబట్టి బొమ్మ దొరికినా దొరక్కపోయినా, ప్రతి నిపిల్‌లో వచ్చే వాక్యూమ్ (ఇంజిన్ గాలి పీల్పు) ఏ రకమో మీరే తేల్చుకోవడం మంచిది.

ప్రధానంగా రెండు రకాలు. థ్రాటిల్ ప్లేటుకు (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే కార్బరేటర్ తలుపు) కింద నుంచి, అంటే సిలిండర్లకు మిశ్రమం తీసుకెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వచ్చేది ఒకటి. ఇది ఐడ్లింగ్‌లో బాగా ఎక్కువ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే దాదాపు సున్నా. రెండోది పోర్టెడ్ వాక్యూమ్. మూసి ఉన్న థ్రాటిల్ ప్లేటు అంచుకు సరిగ్గా పైన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఐడ్లింగ్‌లో అక్కడ ఏమీ ఉండదు. ప్లేటు కాస్త తెరుచుకుని అంచు ఆ రంధ్రాన్ని దాటగానే వాక్యూమ్ అందుతుంది.

ఇంజిన్ బాగా వేడెక్కాక వాక్యూమ్ గేజ్‌ను ఒక్కో నిపిల్‌కూ పెట్టి చూడండి. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న చోట, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో ఐడ్లింగ్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య కదలకుండా నిలబడితే అది మానిఫోల్డ్ నిపిల్. ఎత్తు ప్రాంతాల్లో ప్రతి 300 మీటర్లకూ సుమారు ఒక అంగుళం తగ్గించి లెక్కేసుకోండి. ఐడ్లింగ్‌లో సున్నా ఉండి, 2000 ఆర్‌పీఎంకు రేస్ చేసినప్పుడు లేస్తే అది పోర్టెడ్. రెండింటికీ కదలకపోతే అది ఫ్లోట్ బౌల్ వెంట్ (కార్బరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెకు గాలి రంధ్రం) కావచ్చు, లేదా కార్బన్ పట్టి మూసుకుపోయిన రంధ్రం కావచ్చు. బౌల్ వెంట్‌ను మాత్రం ఎప్పుడూ మూయకూడదు, వాక్యూమ్‌కూ కలపకూడదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. లీకు వల్ల ఇంజిన్ ఆగిపోతుంటే పాత మెకానిక్ ఐడిల్ స్క్రూ తిప్పి థ్రాటిల్ ప్లేటును ఎత్తి ఉంచుతాడు. దాంతో పోర్టెడ్ రంధ్రం ఐడ్లింగ్‌లోనే బయటపడుతుంది, గేజ్ ఎనిమిదో పదో చూపిస్తుంది, మీరు దాన్ని మానిఫోల్డ్ అనుకుంటారు. అందుకే బ్రేక్ బూస్టర్ (బ్రేకు తొక్కడానికి సాయపడేది), పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి పీల్చే వాల్వు), బౌల్ వెంట్ తప్ప మిగతా నిపిల్స్ అన్నిటికీ రబ్బరు క్యాపులు తొడిగి, మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎంకు ఐడ్లింగ్ సరిచేశాకే గేజ్ పెట్టండి. తర్వాత ఒక్కో పైపు తగిలిస్తూ పోండి. ఏ పైపు దగ్గర ముల్లు పడిపోయిందో లీకు ఆ శాఖలోనే.

ఇక ఏది ఎక్కడికి? బ్రేక్ బూస్టర్, పీసీవీ, చోక్ పుల్-ఆఫ్ (ఇంజిన్ స్టార్టవగానే చోక్‌ను కాస్త తెరిచేది), హీటర్–ఏసీ ఫ్లాపులు, ఎయిర్ క్లీనర్ మూతిలోని వేడిగాలి తలుపు సాధారణంగా మానిఫోల్డ్ నుంచి నడుస్తాయి. ఈజీఆర్ (కాలిన పొగలో కొంత తిరిగి సిలిండర్లలోకి పంపే వాల్వు), చార్‌కోల్ క్యానిస్టర్ పర్జ్ (బొగ్గు డబ్బాలో పట్టిన పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి పీల్చేది) చాలా బళ్లలో పోర్టెడ్ నుంచి, మధ్యలో థర్మల్ స్విచ్ మీదుగా. డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ (స్పార్కు పడే సమయాన్ని, అంటే టైమింగ్‌ను, ముందుకు జరిపేది) మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. దానికి రెండు నిపిల్స్ ఉంటే మాన్యువల్ చూడకుండా ముట్టుకోకండి. కొన్నింట్లో రెండోది టైమింగ్‌ను ఇంకాస్త ముందుకు జరుపుతుంది, కొన్నింట్లో వెనక్కి లాగుతుంది.

ప్రశ్న: పైపులన్నీ కొత్తవి వేశాను. చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ చక్కగా ఆడుతోంది. వేడెక్కగానే ఐడ్లింగ్‌లో వణికి ఆగిపోతోంది. రోడ్డు మీద స్పీడులో ఏ తేడా లేదు.

జవాబు: ఈజీఆర్ పైపు మానిఫోల్డ్ నిపిల్‌కు తగిలించి ఉంటారు. చల్లగా ఉన్నంతసేపూ కూలెంట్‌లోని థర్మల్ స్విచ్ దారి మూసి ఉంచుతుంది కాబట్టి తప్పు బయటపడదు. నీళ్లు వేడెక్కగానే స్విచ్ తెరుచుకుని, ఐడ్లింగ్‌లోనే కాలిన పొగ సిలిండర్లలోకి వస్తుంది. ఆ కొద్దిపాటి మిశ్రమం అంత పొగను తట్టుకోలేదు.

వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఈజీఆర్ దగ్గరి పైపు పీకి చివర వేలితో మూయండి. వెంటనే కుదురుకుంటే ఆ పైపును పోర్టెడ్ నిపిల్‌కు మార్చండి. కుదురుకోకపోతే వాల్వే కార్బన్ పట్టి తెరుచుకుని బిగుసుకుని ఉండొచ్చు, విప్పి శుభ్రం చేయాలి. తర్వాత చేతి పంపుతో వాల్వుకు నేరుగా వాక్యూమ్ ఇచ్చి చూడండి. అప్పుడు ఇంజిన్ తడబడాలి. తడబడకపోతే డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) చిరిగిందని, లేదా లోపలి దారి మూసుకుపోయిందని అర్థం. పంపు ముల్లు నిలవకపోతే డయాఫ్రమే.

ఈజీఆర్ పైపుకు బిరడా కొట్టి వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ ఇంజిన్ టైమింగ్, మిశ్రమం ఈజీఆర్ ఉందనుకునే పెట్టారు. మూసేస్తే బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజిన్‌లో టకటక శబ్దం) మొదలవుతుంది, పొగ తనిఖీలోనూ తప్పుతుంది.

ప్రశ్న: లీకు కనిపెట్టడానికి కార్బ్ క్లీనర్ స్ప్రే కొడితే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: పనిచేస్తుంది, కానీ వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన అది నిప్పుతో ఆటే. ముదిరిన స్పార్క్ ప్లగ్ వైర్ల నుంచి నిప్పురవ్వ ఎగిరినా చాలు. ముందు రెండడుగుల ఖాళీ పైపు ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను ఫ్యాను, బెల్టులకు దూరంగా ఉంచుతూ పైపుల వెంట నడిపించండి. బుస్సుమనే శబ్దం తెలిసిపోతుంది. స్ప్రే తప్పదనుకుంటే చల్లటి ఇంజిన్ మీద, మంటలార్పే సీసా పక్కన పెట్టుకుని, చిన్న చిన్న తుంపరలతో చేయండి. ఐడ్లింగ్ మారిన చోటే లీకు.

పైపులన్నీ బాగానే ఉన్నా కార్బరేటర్ బేస్ గాస్కెట్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్, అరిగిన థ్రాటిల్ షాఫ్టు కూడా గాలి పీలుస్తాయి. షాఫ్టును రెండు వైపులా పట్టుకుని ఊపితే ఆట తెలుస్తుంది. ఐడిల్ మిక్చర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసేది) ఎటు తిప్పినా ఇంజిన్‌లో మార్పు లేదంటే ముందు లీకునే అనుమానించండి. బ్రేకు తొక్కినప్పుడు ఐడ్లింగ్ దెబ్బతిని, కాలి దగ్గర బుస వినిపిస్తే బూస్టర్ డయాఫ్రం పోయింది. అది పైపుల పని కాదు, ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: రంగురంగుల సిలికాన్ పైపులు అన్నిచోట్లా వేయొచ్చా?

జవాబు: వాక్యూమ్ సంకేతం మాత్రమే వెళ్లే సన్న పైపులకు వేయొచ్చు. మానిఫోల్డ్‌కు ఒక రంగు, పోర్టెడ్‌కు మరో రంగు వేస్తే తర్వాత పని చేసేవాళ్లు దండం పెడతారు. పీసీవీకి, చార్‌కోల్ క్యానిస్టర్‌కు మాత్రం వద్దు. నూనె, పెట్రోలు ఆవిరికి సిలికాన్ ఉబ్బి మెత్తబడుతుంది. ఆ రెండింటికీ వాటికోసమే చేసిన పైపులు కొనండి. మామూలు మెత్తటి పైపు పీసీవీకి వేస్తే పీల్పుకు లోపలికి నొక్కుకుపోతుంది. సన్న పైపుల లోపలి వ్యాసం ఎక్కువగా 3 నుంచి 4 మి.మీ. మధ్య ఉంటుంది. పాత పైపు సాగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని కాదు, నిపిల్‌ను కొలిచి కొనండి.

ప్రశ్న: ఒక పైపు మధ్యలో రెండు రంగుల ప్లాస్టిక్ బిళ్ల ఉంది. తీసేస్తే ఏమవుతుంది?

జవాబు: అది డిలే వాల్వు (వాక్యూమ్‌ను కాస్త ఆలస్యంగా అందించేది), లేదా చెక్ వాల్వు (ఒకవైపే పోనిచ్చేది). నోటితో ఊది చూడండి. ఒకవైపు సులువుగా, రెండోవైపు మెల్లగా పోతే డిలే వాల్వు. రెండోవైపు అసలే పోకపోతే చెక్ వాల్వు. డిస్ట్రిబ్యూటర్ పైపులోని డిలే వాల్వు తీసేసినా, తిరగేసి పెట్టినా టైమింగ్ అడ్వాన్స్ రావాల్సినప్పుడు రాదు. ఫలితంగా యాక్సిలరేటర్ తొక్కగానే నాకింగ్ కానీ, ఇంజిన్ మందగించడం కానీ కనిపిస్తుంది. ఏ రంగు కార్బరేటర్ వైపు ఉండాలో కంపెనీని బట్టి మారుతుంది. తీసేముందే గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: ఆటోమేటిక్ గేర్‌బాక్సు బండి. సైలెన్సర్ నుంచి తెల్లపొగ, గేరు ఆయిలు తగ్గుతోంది. కింద చుక్క కూడా కారడం లేదు.

జవాబు: మీ గేర్‌బాక్సుకు వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజిన్ వాక్యూమ్‌ను బట్టి గేర్లు మారడాన్ని సరిచేసే చిన్న డబ్బా) ఉంటే దానికి వెళ్లే పైపు ఊడదీసి లోపల పుల్ల పెట్టి చూడండి. ఎర్రటి ఆయిలు అంటుకుంటే మాడ్యులేటర్ డయాఫ్రం చిరిగింది. ఇంజిన్ ఆ ఆయిలును పీల్చి కాల్చేస్తోంది. మాడ్యులేటర్ మార్చండి, ఆయిలుకు ఉబ్బిన ఆ పైపు కూడా మార్చండి. తర్వాత ఆయిలు మట్టం నింపి, గేర్లు సరిగ్గా పడుతున్నాయో చూసుకోండి.