ఆంటీ చేస్తే గొప్ప, నేను చేస్తే చిన్నతనమా?

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పెద్దది, కొంత కుదించాను.

"నాకు 47 ఏళ్ళు. నా చిన్ననాటి స్నేహితురాలు ఇంటర్ తర్వాత ఏఎన్ఎం (పల్లెల్లో టీకాలు, కాన్పులు చూసే నర్సు) ట్రైనింగ్ చేసి, చాలా ఏళ్ళు పల్లెటూళ్ళలో కాంట్రాక్టు మీద పనిచేసింది. 43వ ఏట ఉద్యోగం మానేసి జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో చేరింది. ఇప్పుడు పాసై, గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. మా అత్తగారు పక్షవాతంతో మంచాన ఉన్న పదకొండు నెలలూ వచ్చి పుండ్లకు కట్టు కట్టి వెళ్ళేది, రూపాయి తీసుకోలేదు. తనకి మా ఇంట్లో చిన్న ఫంక్షన్ చేయాలని ఉంది. మా వారు 'నర్సుకి ఇంట్లో సన్మానమేంటి, హోటల్లో భోజనం పెట్టించు' అంటున్నారు. ఇంట్లోనా, హోటల్లోనా? పట్టుచీర పెట్టాలా, వెండి కుందులు ఇవ్వాలా? ఇంకో మాట. మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి డాక్టరు సీటు కోసం నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ చదువుతోంది, ఇది రెండో ఏడు. తనూ నర్సింగ్ చేస్తానంది. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు, నేనూ వద్దన్నాను. 'ఆంటీ చేస్తే గొప్ప, నేను చేస్తే చిన్నతనమా' అని అడిగింది. అప్పటినుంచి ముక్తసరిగా మాట్లాడుతోంది. చిన్నపిల్ల, సర్దుకుంటుంది. చీర సంగతి చెప్పండి."

అమ్మా, చీరా వద్దు, కుందులూ వద్దు. సెకన్ల ముల్లు ఉన్న మంచి వాచీ కొనండి. నాడి లెక్కపెట్టడానికి నర్సుకి రోజూ కావాల్సింది అదే. దాంతోపాటు మెత్తటి అడుగున్న బూట్లు కూడా. డ్యూటీ అంతా నిలబడే ఉండాలి మరి. ఫంక్షన్ మీ ఇంట్లోనే చేయండి. మీ ప్రశ్నకు జవాబు ఇంతే.

మీ స్నేహితురాలి గురించి కాస్త మాట్లాడాలి, ఎందుకంటే ఆమె ఏం చేసిందో మీ ఇంట్లో అందరికీ తెలిసినట్టు లేదు. జీఎన్ఎంలో చేరడానికి మామూలుగా 35 ఏళ్ళు దాటకూడదు. ఏఎన్ఎంగా రిజిస్టరైన వాళ్ళకి మాత్రమే ఆ వయసు పరిమితి లేదు. ఆ వెసులుబాటు ఉందని తెలిసినా వాడుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మూడేళ్ళ చదువు, అందులోనే చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. అంతవరకు నెలనెలా వచ్చే జీతం ఆగిపోయింది, పైగా ఫీజు కట్టాలి. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ అన్నీ ఇంగ్లీషులో. పక్క బెంచీలో కూర్చున్నది తన కూతురి ఈడు పిల్లలు. తనకన్నా చిన్నదైన ట్యూటర్ క్లాసులోకి వస్తే లేచి నిలబడి గుడ్ మార్నింగ్ మేడం అనాలి. ఊళ్ళో ఆరోగ్య సబ్ సెంటర్లో వేల జనాభాకి టీకాలు వేసి, గర్భిణుల పేర్లు రాసుకుని, రాత్రిపూట కాన్పుకి పరుగెత్తిన మనిషి, మళ్ళీ మొదటి ఏడాది విద్యార్థినిలా దుప్పటి ముడతలు లేకుండా పరవడం నేర్చుకుంది. నర్సింగ్ విద్యార్థినులంతా దీపం పట్టుకుని ప్రతిజ్ఞ చేసే రోజున ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లల వరసలో ఆమె కూడా నిలబడి ఉంటుంది. అది తలుచుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

మీ వారి మాటకి వస్తాను. ఆయన తల్లికి పుండ్లు ముదరకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మీ ఇంటిల్లిపాదికీ నేర్పింది ఈమేగా? అప్పుడు ఇంట్లోకి రావడానికి లేని అభ్యంతరం ఇప్పుడెందుకు? ఇది గొడవగా అడగొద్దు. భోజనాల దగ్గర, అత్తగారి ఫొటో ఎదురుగా, ఒక్కసారి అడగండి చాలు. ఆయన మరీ చెడ్డ మనిషి అని నాకనిపించలేదు. తల్లి చివరి రోజులు గుర్తుకొస్తే మెత్తబడతారు.

నాకు బెంగగా ఉన్నది ఆయన గురించి కాదమ్మా, మీ గురించి. రెండు పేజీలు స్నేహితురాలి మీద రాసి, కూతురి మాట నాలుగు ముక్కల్లో తేల్చేశారు. పైగా 'వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు, నేనూ వద్దన్నాను' అని రాశారు. ఎవరు ముందు వద్దన్నారు? నిజాయితీగా గుర్తు తెచ్చుకోండి. మీరు ముందు వద్దంటే, ఆయన మీ మాటకి ఔనన్నాక, ఆ నిర్ణయం ఆయన పేరున పెట్టారని నా అనుమానం. మన ఇళ్ళలో ఆడవాళ్ళం చాలాసార్లు చేసే పనే ఇది. భర్త చాటున దాక్కుంటాం, పిల్లలకి అది కనబడుతూనే ఉంటుంది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నలో తప్పేముంది? నాన్నమ్మ మంచం దగ్గర ఆంటీ చేతులు చూస్తూ పెరిగింది. ఆ చేతులకి మీరు దణ్ణం పెట్టడం చూసింది. అదే పని తను చేస్తానంటే మీ మొహం మాడిపోయింది. అప్పుడు దానికి అర్థమయ్యేది ఒకటే: అమ్మకి ఆంటీ మీద ప్రేమ ఉంది గానీ, ఆ పని మీద గౌరవం లేదు. మీ స్నేహితురాలికి ఈ సంగతి తెలిస్తే ఆమె ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించారా? వాచీ పెట్టి శాలువా కప్పే చేతులతోనే ఆమె వృత్తిని కూతురికి తగదని పక్కకి నెట్టడం ఆత్మగౌరవం ఉన్న స్నేహం కాదు. కఠినంగా అంటున్నానని తెలుసు. అనకపోతే మీకు ద్రోహం చేసినట్టవుతుంది.

నైట్ డ్యూటీల వల్ల సంబంధాలు రావన్న భయం మీకుందని ఊహించగలను. ఆడపిల్ల రాత్రంతా జబ్బు మనిషి పక్కన మెలకువగా కూర్చుంటే దాన్ని తప్పుగా చూసే ఇంట్లో మీ పిల్లని ఎందుకు ఇవ్వాలి? అలాంటి సంబంధం తప్పిపోవడమే మంచిది. కేరళలో ఎన్నో కుటుంబాలు నర్సుగా వెళ్ళిన ఆడపిల్ల సంపాదన మీద నిలబడ్డాయి, వాళ్ళకి పెళ్ళిళ్ళు ఆగలేదు. నాకు ఆపరేషన్ అయిన రెండో రాత్రి బీపీ పడిపోతుంటే ముందు కనిపెట్టింది పాతికేళ్ళ నర్సు. డాక్టరుగారు వచ్చేసరికి చేయాల్సినవి చాలావరకు చేసేసింది. ఆ అమ్మాయి తల్లి కూడా ఒకప్పుడు మీలాగే భయపడి ఉంటుంది, అయినా పంపింది.

అయితే ఇందులో కష్టం లేదని పిల్లకి చెప్పకండి. ప్రైవేటులో జీతాలు తక్కువ. సుప్రీంకోర్టు చెప్పడంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో, ఎంత చిన్న ప్రైవేటు ఆసుపత్రైనా నర్సుకి నెలకి 20,000కి తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. అంత ఇవ్వని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. నడుం నొప్పులుంటాయి, పండగపూట డ్యూటీలుంటాయి, రోగి బంధువుల తిట్లూ పడాలి. ఇవన్నీ మీరు చెబితే బెదిరించినట్టుంటుంది. మీ స్నేహితురాలు చెబితే పిల్ల శ్రద్ధగా వింటుంది. ఫంక్షన్ రోజున వాళ్ళిద్దరినీ ఒక గదిలో గంటసేపు వదిలేయండి, మీరు వంటింట్లో ఉండండి. ఆ తర్వాత కూడా నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగే చేస్తానంటే, ఫారం మీరే తెచ్చివ్వండి. కాదు, నీటే రాస్తానంటే అదీ దాని ఇష్టమే. మూడో ఏడు లాంగ్ టర్మ్‌లో పెడతాం అన్న మాట మాత్రం మీ నోట రానివ్వకండి. రెండేళ్ళు ఆ హాస్టల్ గదిలో మగ్గిన పిల్ల అది.

ఫంక్షన్‌కి రమ్మని పిల్లని ఫోన్లో పిలవకండి. ఫోన్లో అది 'సరే' అంటుంది, మీరు 'సరే' అంటారు, అక్కడితో అయిపోతుంది. తెనాలి నుంచి విజయవాడ గంట ప్రయాణం. ఈ ఆదివారం మీరే వెళ్ళండి, మీ వారు లేకుండా ఒక్కరే. బయటికి తీసుకెళ్ళి అన్నం పెట్టించి, 'ఆ రోజు నాన్న కాదు, ముందు నేనే వద్దన్నాను' అని చెప్పండి. తర్వాత అది ఏమన్నా మధ్యలో అడ్డు రాకుండా వినండి.