దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందు

బిడ్డా,

బైపీసీలో నీకు వచ్చిన మార్కులు విని ఎంత సంతోషపడ్డానో ఫోన్లోనే చెప్పాను. ఇంక కాలేజీ సంగతి. డిగ్రీ సీట్లు దోస్త్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తారు కదా. ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఒకాయన ఇంటికి వచ్చి, నీ ఆధార్ నంబరు రాసుకుని, "ఫోన్‌కి ఓటీపీ వస్తది, అది చెప్తే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటం" అని మీ నాయనతో అన్నాడట. మీ అమ్మ చెప్పింది. ముందు ఆ పని ఆపండి. ఓటీపీ గానీ దోస్త్ పిన్ గానీ బయటివాళ్ల చేతికి పోకూడదు. పోతే నీ పేరు మీద వాళ్ల కాలేజీ ఒక్కటే ఆప్షన్‌గా పెట్టేస్తారు. నీకు తెలిసేసరికి సీటు కూడా వచ్చి ఉంటుంది. 2016లో దోస్త్ మొదలైనప్పటి నుంచి నేను రిటైరయ్యేదాకా, ఇలా ఇరుక్కున్న పిల్లలు అడ్మిషన్ల సమయంలో మా కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి ఏడుస్తుంటే చూశాను. చాలామంది ఆడపిల్లలే.

దోస్త్ నువ్వే నింపుకోగలవు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఉంటే సరిపోతుంది. లేకపోతే ముందు ఆ లింకు చేయించండి. మొదటి విడతలో రిజిస్ట్రేషన్‌కు 200 రూపాయలు. తర్వాత ఆప్షన్లు నీకు ఇష్టమైన వరుసలో ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఒక్క కాలేజీ పెట్టి ఊరుకుంటే సీటు రాకపోయే ప్రమాదం ఉంది. అట్లాగని అసలు చేరే ఉద్దేశం లేని కాలేజీని వరుసలో చేర్చకు. సీటు వచ్చాక గడువు లోపల సెల్ఫ్ రిపోర్టింగ్ చేయడం, అంటే ఆ సీటు తీసుకుంటున్నానని ఆన్‌లైన్‌లో తెలపడం మాత్రం మర్చిపోవద్దు, ఆ తేదీ దాటితే వచ్చిన సీటు పోతుంది.

ఏ కాలేజీ అని నన్ను అడిగావు. నా లెక్క సూటిగా చెప్తాను. అక్కడ రోజూ పాఠం జరగాలి, నువ్వు రోజూ అక్కడికి వెళ్లగలగాలి. మిగతావన్నీ దాని తర్వాతే. కాలేజీల నాణ్యత చూసి న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడు చూడు, తప్పు లేదు. అది ఏ ఏడు ఇచ్చారో కూడా చూడు. మామూలుగా ఐదేళ్లకు ఇస్తారు కాబట్టి గేటు మీద రాసిన గ్రేడుకు గడువు ఎప్పుడో దాటిపోయి ఉండొచ్చు. పైగా అది మొత్తం కాలేజీకి ఇచ్చే గ్రేడు. నీ గ్రూపులో జువాలజీ చెప్పే మనిషి ఉన్నారా లేరా అన్నది అది చెప్పదు.

మీ ఇంట్లో మూడు ఊళ్ల మాట నడుస్తోంది కదా. మీ నాయనకు హైదరాబాద్ మీద మనసుంది. 1887 నుంచి ఉన్న నిజాం కాలేజీలోనో, 1924లో మొదలై ఇప్పుడు యూనివర్సిటీ అయిన కోఠి మహిళా కాలేజీలోనో సీటుతో పాటు హాస్టల్ కూడా దొరికితే నేనే నీ బట్టలు సర్ది బస్సెక్కిస్తాను. కానీ అపార్ట్‌మెంట్ల మధ్య రెండంతస్తులు కిరాయికి తీసుకుని నడిపే కాలేజీ కోసం ప్రైవేటు హాస్టల్‌కు నెలనెలా డబ్బు పోయడం నాకు నచ్చదు. బత్తాయి ధర పడిపోయిన ఏడు ఆ ఫీజు ఎక్కడి నుంచి తెస్తారు? కట్టలేక మధ్యలో ఇంటికి వచ్చేసిన పిల్లలు మళ్లీ చదువులోకి రావడం చాలా కష్టం.

నల్లగొండలో అయితే ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది, 1956 నాటి నాగార్జున ప్రభుత్వ కాలేజీ ఉంది. నాగార్జున అటానమస్, అంటే సిలబస్, పరీక్షలు వాళ్లే చూసుకుంటారు, పట్టా మాత్రం మహాత్మా గాంధీ యూనివర్సిటీది. కానీ దేవరకొండ నుంచి నల్లగొండ అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, రోజూ తిరుగుతాను అంటున్నావట. టికెట్ లేకపోవచ్చు గానీ పొద్దు పోతుంది కదా. మీ ఊరి నుంచి దేవరకొండ, అక్కడ బస్సు కోసం చూపులు, కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండ, సాయంత్రం మళ్లీ అదే దారి. మొదటి నెల ఉత్సాహంగా వెళ్తావు. వానలు పడే రోజుల్లో మొదటి పీరియడ్ పోతుంది, తర్వాత మధ్యాహ్నం ల్యాబ్ ఉన్న రోజు చివరి బస్సు టెన్షన్ మొదలవుతుంది. అందుకని నల్లగొండ అనుకుంటే హాస్టల్ సంగతి ముందే తేల్చుకోవాలి. సంక్షేమ హాస్టల్‌కు కాలేజీలో చేరిన వెంటనే దరఖాస్తు పెట్టాలి. సీటు వచ్చేదాకా నా దగ్గర ఉండు. అది అడగాల్సిన విషయం కూడా కాదు.

ఇంక దేవరకొండలో ఎంకేఆర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. "ఊరి పక్కన కాలేజీయా?" అని నువ్వు మొహం చిన్నబుచ్చుకున్నావని విన్నాను. నీ గ్రూపుకు లెక్చరర్లు ఉండి ల్యాబ్ నడుస్తుంటే అది నీకు మంచి కాలేజీయే. చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీ ఏం చేయగలదో చూడాలంటే ఒకసారి జడ్చర్ల వెళ్లి రా. అక్కడి బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. బోటనీ అధ్యాపకులు, విద్యార్థులు కలిసి మొక్కలు తెచ్చి నాటి పెంచిన తోట. పుస్తకంలో బొమ్మ చూసి చదివే పిల్లకూ, ఆ మొక్కకు తనే నీళ్లు పోసి పేరు రాసి పెట్టిన పిల్లకూ చదువులో ఎంత తేడా ఉంటుందో ఆలోచించు.

అగ్రికల్చర్ సీటు వచ్చే ర్యాంకు ఉందనిపిస్తే ఆ కౌన్సెలింగ్ కూడా వదలకు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ కాలేజీ ఉంది. అది వస్తే ఇంక ఈ ఉత్తరంతో పని లేదు.

ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి స్వయంగా వెళ్లు. ఆదివారం కాదు, పని రోజున. ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని మాట్లాడితే నీకు తెలిసేది తక్కువ. మూడో ఏడు చదివే అమ్మాయిలను పట్టుకుని, "మొన్న సెమిస్టర్‌లో మీకు రోజుకు ఎన్ని క్లాసులు జరిగాయి?" అని అడుగు. కాలేజీ బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. క్లాసులు ఎన్ని అని అడిగితే నిజం వస్తుంది. నీ సబ్జెక్టులు చెప్పేవాళ్లు రెగ్యులరా, గెస్టా కనుక్కో. గెస్ట్ లెక్చరర్లలో ప్రాణం పెట్టి చెప్పేవాళ్లను చూశాను, వాళ్లను తక్కువ చేయడం లేదు. కానీ వాళ్ల నియామకం ఆలస్యమైన ఏడు ఆ సబ్జెక్టు అన్నాళ్లూ ఆగిపోతుంది. నీ గ్రూపులో పోయిన ఏడు ఎంతమంది చేరారో కూడా అడుగు. మరీ తక్కువైతే వేరే గ్రూపులోకో వేరే కాలేజీలోకో మారమంటారు.

లైబ్రరీలోకి వెళ్లి పుస్తకాలు ఇచ్చే రిజిస్టర్‌లో చివరి తేదీ చూడు. జువాలజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపులు బల్ల మీద ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా చూడు. ఆడపిల్లల బాత్రూంలో నీళ్లు వస్తున్నాయా తిప్పి చూడు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నమ్మకు. బాత్రూం సరిగా లేక పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లలు మధ్యాహ్నానికే ఇంటికి వెళ్లిపోతారు. ఆ తర్వాత అటెండెన్స్ తగ్గిందని వాళ్లనే తిడతారు.

డబ్బు విషయంలో నాకున్న భయం ఒకటి చెప్తాను. ప్రైవేటు కాలేజీలో "ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తది, మీరు రూపాయి కట్టక్కర్లేదు" అని చేర్చుకుంటారు. ఆ డబ్బు రావడం ఆలస్యమైతే చదువు అయిపోయాక, కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటారు. ఎంఎస్సీలోనో బీఈడీలోనో చేరాల్సిన పిల్ల టీసీ కోసం తిరుగుతుంటుంది. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చేరేటప్పుడు చూపించి, సరిచూశాక వెనక్కి అడుగు. ఏ కాగితం ఇవ్వాల్సి వచ్చినా రసీదు తీసుకో, జిరాక్సులు నీ దగ్గర ఉంచుకో. ప్రభుత్వ కాలేజీలో ఫీజే తక్కువ కాబట్టి ఈ బాధ చాలామటుకు ఉండదు. నేను ప్రభుత్వ కాలేజీ వైపు మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం.

ఈ వారమే చేయాల్సింది ఇంకొకటి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో నీ పేరు ఒకేలా ఉందా చూడు. ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉన్నందుకు స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లల ఫైళ్లు నా బల్ల మీద ఎప్పుడూ ఉండేవి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ఇప్పుడే తీసి పెట్టుకో.

చేరాక మొదటి సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకోకు. ఇంటర్‌లోలా ఎవరూ వెంటపడి చదివించరు, స్లిప్ టెస్టులు ఉండవు, అందుకే చాలామంది అక్కడే జారిపోతారు. ఆ బ్యాక్‌లాగులు మూడేళ్లూ వెంట వస్తాయి. హాజరు 75 శాతం తగ్గితే పరీక్షకూ స్కాలర్‌షిప్‌కూ రెండింటికీ ఇబ్బందే. నువ్వు మాత్రం ఆ 75 దగ్గర ఆగేలా లెక్కలు వేసుకోకు. ముగ్గురే వచ్చిన రోజున కూడా క్లాసులో కూర్చో. ముగ్గురికి చెప్పిన పాఠంలో ఎన్ని సందేహాలైనా అడగొచ్చు. ప్రాక్టికల్ రికార్డు పక్కపిల్లది చూసి రాయకు, స్లైడ్ నువ్వే పెట్టి చూసి గీయి.

బోటనీలోనో జువాలజీలోనో నీకు బాగా నచ్చిన లెక్చరర్‌ను చూసుకుని రెండో ఏడులోనే "జిజ్ఞాస ప్రాజెక్టు చేస్తాం మేడం" అని అడగండి. డిగ్రీ కాలేజీ పిల్లల ప్రాజెక్టులకు రాష్ట్రస్థాయిదాకా జరిగే పోటీ అది. మన చెరువుల నీళ్లూ మన ఫ్లోరైడ్ ఊళ్లూ మన బత్తాయి తోటల తెగుళ్లూ, విషయానికి కొదవేముంది? నలుగురి ముందు నిలబడి నువ్వు చేసిన పని గురించి చెప్పడం అక్కడ అలవాటవుతుంది. నీ ఇంగ్లీషు భయం కూడా అలాంటిచోటే పోతుంది. ఉద్యోగ నైపుణ్యాలు నేర్పే ప్రభుత్వ సంస్థ టాస్క్ వాళ్ల శిక్షణ కాలేజీకి వస్తే పేరు ఇవ్వు. మూడో ఏడు రాగానే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్, బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ పాత పేపర్లు ముందేసుకో. సెలవుల్లో నల్లగొండ వస్తే జిల్లా గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివేవాళ్ల మధ్య కూర్చోబెడతాను, వాళ్లను చూస్తే గంటలు గంటలు కూర్చోవడం నీకూ వస్తుంది.

ఆఖరి మాట మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించు. మన వైపు ఆడపిల్ల రెండో ఏడులోకి రాగానే సంబంధాలు మొదలవుతాయి. పెళ్లయ్యాక పంపిస్తాం, పరీక్షలు రాయిస్తాం అంటారు. అలా మాట ఇచ్చిన ఇళ్ల నుంచి తిరిగి హాల్ టికెట్ కోసం మా కిటికీ దగ్గరికి వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఫీజు కట్టిన రసీదులు, రాయని పరీక్షలు, అలా ఎంతమంది పేర్లు రిజిస్టర్‌లో మిగిలిపోయాయో నాకు తెలుసు. నీ పేరు అందులో ఉండకూడదు. డిగ్రీ పట్టా చేతికి వచ్చేదాకా పెళ్లి మాట ఎత్తొద్దని మీ నాయనతో నేనే మాట్లాడతాను. వచ్చే వారం బస్సెక్కి మీ ఇంటికే వస్తున్నాను, నువ్వు సర్టిఫికెట్లన్నీ తీసి ఉంచు.

మీ పెద్దమ్మ