నిలువు వేరు, లంబం వేరు

సందేహం: పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు గుంటూరులో పాలిటెక్నిక్ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ‘వి.పి.కి (వర్టికల్ ప్లేన్, అంటే ఎదురుగా గోడలా నిలబడ్డ తలం) లంబంగా ఉన్న రేఖ’ అని లెక్క ఇస్తే, నిలువుగా ఉన్న రేఖ అనుకుని గీశాను. తప్పన్నారు. నిలువన్నా లంబమన్నా ఒకటే కదా? ‘క్షితిజ సమాంతరం’ అని అంత పొడుగ్గా రాసే బదులు ‘సమాంతరం’ అంటే సరిపోదా?

సమాధానం: ఒకటి కావు. లంబం అన్న మాట కనబడగానే ‘దేనికి?’ అని అడగండి. ‘స్తంభం నిలువుగా ఉంది’ అంటే వాక్యం పూర్తయింది. ‘స్తంభం లంబంగా ఉంది’ అంటే కాలేదు. నేలకా, గోడకా, దూలానికా? ‘కి, కు’ అనే విభక్తి తోడు లేకుండా లంబం నిలబడదు. నిలువుకు ఆ తోడు అక్కర్లేదు, అది ఎప్పుడూ భూమి ఆకర్షించే దిక్కునే చెబుతుంది.

మీరు పొరబడటానికి కారణం మాట పుట్టుకలోనే ఉంది. సంస్కృతంలో లంబమంటే వేలాడేది. లంబోదరుడిలో ఉన్నది అదే. ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో, నేల మట్టాన్ని నీటితోనూ, కిందికీ పైకీ పోయే నిలువును లంబకంతోనూ సాధించాలన్నాడు. లంబకమంటే దారానికి వేలాడగట్టిన గుండు. అంటే లంబానికీ నిలువుకూ పాత చుట్టరికం ఉన్నమాట నిజమే. లెక్కల్లో మాత్రం త్రిభుజ శీర్షం నుంచి భూమికి, అంటే ఎదుటి భుజానికి, దించే గీతకు లంబమని పేరు. బడి పుస్తకాల్లో ఆ భూమిని దాదాపు ఎప్పుడూ అడ్డంగానే గీస్తారు కాబట్టి, దాని మీది లంబం ఎప్పుడూ నిలువుగానే కనబడుతుంది. ఆ పుస్తకాన్నే కాస్త పక్కకు తిప్పి పట్టుకోండి. లంబం లంబంగానే ఉంటుంది, నిలువు పోతుంది. ఏటవాలు రేఖాఖండానికి వృత్తలేఖినితో చాపాలు కొట్టి గీసిన లంబ సమద్విఖండన రేఖను గుర్తు తెచ్చుకోండి. అదీ ఏటవాలుగానే వచ్చింది కదా.

తాపీ మేస్త్రీల దగ్గర ఈ గందరగోళం లేదు, ఎందుకంటే వాళ్ల పనిముట్లే వేరు. గోడ నిలువు చూడటానికి గుండు, అడ్డం చూడటానికి రసమట్టం, మూల చూడటానికి మూలమట్టం. పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వచ్చేదాకా దారం జరుపుతారు. అప్పుడు ఒక దారం రెండోదానికి లంబం. రెండూ నేల మీదే పడుకుని ఉన్నాయి, నిలువు అన్నదే అక్కడ లేదు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీది రోడ్డు కూడా అంతే. కృష్ణ పారే దిక్కుకు అది ఇంచుమించు లంబం. నిలువుగా ఉన్నవి దాన్ని మోసే స్తంభాలు.

ఇక మీ డ్రాయింగ్ షీటు దగ్గరికి వద్దాం. 50 మి.మీ. రేఖ వి.పి.కి లంబంగా, హెచ్.పి.కి (హారిజాంటల్ ప్లేన్, అంటే నేలలా పరచుకున్న తలం) 30 మి.మీ. పైన ఉంది, దగ్గరి కొన వి.పి.కి 15 మి.మీ. ముందు ఉంది అనుకోండి. రెండు తలాలూ కలిసే గీత ఎక్స్‌వై. ఫ్రంట్ వ్యూను దానికి పైన, టాప్ వ్యూను కింద గీసే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో ఫ్రంట్ వ్యూ, ఎక్స్‌వై రేఖకు 30 మి.మీ. పైన ఒక్క చుక్క. టాప్ వ్యూ, ఎక్స్‌వైకి 15 మి.మీ. కింద మొదలై 65 దాకా దిగే గీత. లంబాన్ని నిలువుగా చదివినవారు ఏం చేస్తారంటే, పైన 30 నుంచి 80 దాకా గీత గీసి, కింద 15 దగ్గర చుక్క పెడతారు. చుక్క ఉండాల్సిన చోటికి గీత, గీత ఉండాల్సిన చోటికి చుక్క వచ్చాయి. కొలతలన్నీ సరిగా కొలిచినా జవాబు తారుమారు.

ఇందులో ఇంకో చిక్కుంది. సరైన టాప్ వ్యూలోని గీత కూడా కాగితం మీద నిలువుగానే కనబడుతుంది. అసలు రేఖ మాత్రం గోడలోకి తిన్నగా దిగగొట్టిన మేకులా మీ వైపు పొడుచుకుని ఉంది: గోడకు లంబం, నేలకు సమాంతరం. కాగితం మీది నిలువును బట్టి వస్తువు నిలువును ఊహించకండి.

నిలువు అనే మాటకూ ఇంటి వాడుకలో ఇంకో అర్థముంది. బజ్జీల మిరపకాయను పీట మీద పడుకోబెట్టే ‘నిలువుగా గాటు పెట్టు’ అంటాం. అక్కడ నిలువంటే పొడవు వెంబడి. ఈ అర్థమూ మంచి తెలుగే, వదులుకోవాల్సిన పనిలేదు. అయితే డ్రాయింగ్ రికార్డులో సందేహానికి తావుండకూడదు కనుక ‘నిట్టనిలువు’ అని రాయడం నాకు నచ్చుతుంది.

మీ రెండో ప్రశ్నకు కూడా ‘దేనికి?’ అన్నదే కొలబద్ద. సమాంతరమంటే దేనికో ఒకదానికి సమాంతరం. క్షితిజ సమాంతరంలో ఆ ‘దేనికి’ ముందే ఉంది, క్షితిజానికి. దాన్ని కత్తిరిస్తే అర్థం సగం పోతుంది. ఏటవాలు రేఖలు రెండు కూడా ఒకదానికొకటి సమాంతరంగా ఉండొచ్చు కదా. పొడుగు మాట ఇబ్బందనిపిస్తే ‘అడ్డురేఖ’ అనండి, లేదా ‘హెచ్.పి.కి సమాంతరం’ అని పూర్తిగా రాయండి. వాలు రేఖకైతే విభక్తి మారుతుంది: ‘హెచ్.పి.తో 30 డిగ్రీల కోణం’. అక్కడ ‘కి’ కాదు, ‘తో’.