కౌన్సెలింగ్‌లో చెప్పుకున్నది ఇంట్లో తెలుస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నిద్ర పట్టక, ఏడుపు ఆగక నల్లగొండలో దవాఖానకు పోయి కౌన్సెలింగ్ తీసుకుంటున్న. మా ఆయన "నువ్వేం చెప్తున్నవో మేడమ్‌నే అడుగుత" అంటున్నడు. పెండ్లికి ముందటి సంగతి ఒకటున్నది. ఒక్కోసారి సచ్చిపోవాలనిపిస్తది. ఇవన్నీ చెప్తే ఆమె ఇంట్ల చెప్తదా?

జవాబు: అమ్మా, పెళ్లికి ముందటి సంగతి ఆమె చెప్పకూడదు. భర్త అడిగినా, అత్తమామలు అడిగినా, ఖర్చు వాళ్లే పెట్టుకున్నా అంతే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ వైద్యం చేసేవాళ్లందరి మీదా ఈ బాధ్యత పెట్టింది. ఆయన ఫోన్ చేస్తే "ఆమె ఒప్పుకోకుండా ఏమీ చెప్పలేను" అన్నదే సరైన జవాబు. ఆయన ఫోన్ చేస్తే మీకు తెలియజేయమని ముందే అడగండి.

చచ్చిపోవాలనిపించడం మాత్రం దాచొద్దు. ఆ మాట వినగానే ఎవరూ ఇంటికి ఫోన్ చేయరు. ముందు అడుగుతారు: ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తోంది, ఇంతకుముందు ప్రయత్నం జరిగిందా, ఇంట్లో పురుగుమందు ఉందా, ఎప్పుడు ఏం చేయాలన్నది మనసులో నిశ్చయమైపోయిందా? వచ్చి పోయే ఆలోచనైతే మీతోనే కూర్చుని జాగ్రత్తలు రాసిస్తారు. ప్రాణానికి ముప్పు దగ్గర్లో ఉందనిపిస్తేనే ఇంట్లో ఒకరికి చెబుతారు. చట్టం దానికి ఒప్పుకుంటుంది. అప్పుడూ చెప్పాల్సింది "ఆమెను ఒంటరిగా వదలొద్దు, పత్తికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లోంచి తీసెయ్యండి" అన్నంత వరకే. కారణం చెప్పనక్కర్లేదు. ఎవరికి చెప్పాలో, ఏం చెప్పాలో మీతో మాట్లాడాకే ఫోన్ చేయమనండి. ఆ ఆలోచన రాత్రిపూట ముదిరితే తెల్లారేదాకా ఆగకండి. 14416కు చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకరి ప్రాణానికి ముప్పున్నా, కోర్టు ఆదేశించినా కూడా కొంత బయటపెట్టాల్సి వస్తుంది. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, ఎవరు వద్దన్నా. మీ ఆయన చేయి చేసుకుంటున్నాడని చెబితే మాత్రం కౌన్సెలర్‌కు అలాంటి నిర్బంధం లేదు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. సాయం కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

చాలామందికి తెలియనిది ఒకటుంది, నా దృష్టిలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది కూడా అదే. మొదట చెప్పిన మానసిక ఆరోగ్య చట్టం కింద మీ తరఫున చూసుకునే ప్రతినిధిని మీరే ఎంచుకోవచ్చు. అక్కో, అమ్మో, మీరు నమ్మే మనిషి ఎవరైనా సరే, మైనర్ కాకూడదు. తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెట్టండి. వాళ్లూ ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. మీరు ఎవరినీ పెట్టకపోతే ఆ చోటుకు బంధువు వస్తారు, అంటే మీ ఆయనే కావచ్చు. ప్రతినిధికి తన బాధ్యత నెరవేర్చడానికి అవసరమైన సమాచారం ఇవ్వొచ్చు కాబట్టే ఈ కాగితం ముఖ్యం. తర్వాత మనసు మారితే పేరు మార్చుకోవచ్చు.

నిజానికి గుట్టు ఎక్కువగా బయటపడేది కౌన్సెలర్ నోటి నుంచి కాదు, ఓపీ చీటీ నుంచి, ఫోన్ నుంచి. జబ్బు పేరు, గోలీల పేర్లు రాసిన చీటీ బీరువాలో పెడితే ఇంటిల్లిపాదీ చదువుతారు. కౌన్సెలింగ్ నోట్సు దవాఖాన ఫైల్లోనే ఉంచమనండి. మీ ఫోన్ ఆయన చేతిలో ఉంటే, వాట్సాప్‌లో ఏమీ పంపొద్దని, ఫలానా సమయంలోనే ఫోన్ చేయమని చెప్పండి. అక్కడ మీ చుట్టాలెవరైనా పనిచేస్తుంటే అదీ ఆమెకు తెలియాలి. మాట్లాడేటప్పుడు తలుపు వేయమని అడగడానికి మొహమాటపడొద్దు.

మీ ఆయనను కూడా పిలుద్దామని ఆమె అంటే, ఏ సంగతులు ఎత్తకూడదో ఆ రోజుకు ముందే ఒంటరిగా మాట్లాడుకోండి. ఇద్దరూ గదిలో కూర్చున్నాక నోరు జారితే వెనక్కి తీసుకోలేం.

ఇంత చేసినా మాట బయటికి పొక్కితే ముందు దవాఖాన బాధ్యుడైన వైద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే అదే చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు వెళ్లే హక్కు కూడా మీకుంది.