బతికితేనా, బతికి ఉంటేనా?

సందేహం: స్పెయిన్‌లోని కార్డోబా నుంచి పాలించిన ఖలీఫా రెండవ అల్ హకం 976లో చనిపోకుండా మరో పదేళ్లు ఏలినట్లు ఊహించి కథ రాస్తున్నాను. ఆయన పోయాక ఆయన గ్రంథాలయంలోని కొన్ని పుస్తకాలను కాల్చేశారు కదా. ‘హకం బతికితే ఆ పుస్తకాలు కాలేవి కావు’ అని రాస్తే, ‘బతికి ఉంటే కాలి ఉండేవి కావు’ అని మిత్రుడు దిద్దారు. ఏది ఒప్పు?

సమాధానం: మీ వాక్యం తప్పు కాదు. అయినా మిత్రుడి దిద్దుబాటులో మొదటి సగం తీసుకోండి, రెండో సగం వదిలేయండి.

షరతు ఇంకా నెరవేరవచ్చా, దాని కాలం దాటిపోయిందా అన్నది ‘తే’ చేర్చిన చేదర్థకం (షరతును చెప్పే క్రియారూపం) ఒక్కటే చెప్పలేదు. చివరి క్రియ చెబుతుంది. ‘వస్తే ఇస్తాను’ అంటే ఇంకా ఆశ ఉంది, ‘వస్తే ఇచ్చేవాణ్ని’ అంటే లేదు. చిక్కల్లా ఈ ‘ఏవాడు, ఏది’ రూపాలు గతకాలపు అలవాటును కూడా చెప్పడమే. ‘మంచి పుస్తకం దొరికితే హకం కొనేవాడు’ అన్నది చరిత్ర. అబుల్ ఫరజ్ అల్ ఇస్ఫహానీ కూర్చిన పాటల గ్రంథం తొలి ప్రతికి వెయ్యి బంగారు దీనారాలు పంపాడని చెప్పుకునే మనిషి ఆయన. ‘దొరికి ఉంటే కొనేవాడు’ అన్నామా, దొరకలేదు, కొననూ లేదు. ఒక్క ‘ఉండు’ చేరేసరికి చరిత్ర ఊహగా మారిపోయింది. మీ కథకు ప్రాణం అక్కడే ఉంది.

పైగా ‘బతికితే’ అనగానే జబ్బు నుంచి గట్టెక్కడం స్ఫురిస్తుంది. మీకు కావలసింది ఆయుర్దాయం కాబట్టి ‘బతికి ఉంటే’ మేలు. అది చాలు, చివర మళ్లీ ‘కాలి ఉండేవి’ అనక్కరలేదు. ‘హకం కొడుకు హిషాం పెద్దవాడయ్యేనాటికి కాలి ఉండేవి కావు’ అన్నట్లు ఒక నాటికి ముగిసిన పనిని చెప్పాల్సివస్తేనే ఆ బరువు అవసరం.

నాకు అసలు అభ్యంతరం ‘కాలేవి’ మీద. ఆ పుస్తకాలు వాటంతట అవి కాలలేదు. హకం పోయేనాటికి కొడుకు హిషాంకు పదేళ్లు దాటీ దాటని వయసు. పెత్తనం చేజిక్కించుకున్న ఇబ్న్ అబీ ఆమిర్ ధర్మశాస్త్ర పండితుల మెప్పు కోసం తత్వశాస్త్రం, ఖగోళశాస్త్రం పుస్తకాలను ఏరించాడు. కొన్నింటిని కాల్పించాడు, కొన్నింటిని రాజభవనపు బావుల్లో వేయించి పైన మట్టీ రాళ్లూ కప్పించాడు. ఇంత పని చేసినవాణ్ని వాక్యంలోంచి తప్పించకండి. ‘హకం మరో పదేళ్లు బతికి ఉంటే, ఆ పుస్తకాల మీద చెయ్యి వేసే ధైర్యం ఇబ్న్ అబీ ఆమిర్‌కు ఉండేది కాదు’ అని రాయండి.

కథంతా ఈ ‘ఉండేది’లతో నడపకండి. ఊహ ఒకసారి నిలబడ్డాక అదే మీ లోకం. గ్రంథాలయ సూచీయే 44 సంపుటాలు ఉండేదంటారు. మీ కథలో ‘980లో యాభయ్యో సంపుటం పూర్తయింది’ అని మామూలు భూతకాలంలోనే చెప్పేయండి. ‘976లోనే ఖలీఫా కన్నుమూసి ఉంటే ఇవన్నీ ఏమయ్యేవో!’ అని మీ లేఖకుల్లో ఎవరైనా అనుకున్నప్పుడు మాత్రం ‘ఉంటే’ మళ్లీ రావాలి.