వెబ్‌సైట్ ముందా, వాట్సాప్ ముందా? పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: అన్నగారూ, మాది ఆత్రేయపురం పక్కన పల్లెండి. మా అత్తగారూ నేనూ ఇంట్లోనే పూతరేకులు చేసి బస్సు పార్సిల్‌లో హైదరాబాద్ పంపిస్తుంటాం, అన్నీ తెలిసినవాళ్ళు చెబితే వచ్చే ఆర్డర్లేనండి. ఈ మధ్య ఒకబ్బాయొచ్చి వెబ్‌సైట్ చేసిపెడతాను, బ్లాగు కూడా పెడతాను, 18 వేలవుద్ది అంటున్నాడు. చేయించుకోమంటారా? - ఓ చెల్లెలు

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. వెబ్‌సైట్ తప్పని కాదు, రూపాయి ఖర్చు లేకుండా అయ్యే పనులు రెండున్నాయి, ముందు అవి కానిచ్చి ఆర్డర్లు ఎట్నుంచి వస్తున్నాయో చూసుకున్నాక ఆ 18 వేల సంగతి ఆలోచించొచ్చు. మొదటిది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఎవరన్నా గూగుల్లో పూతరేకులు అని కొడితే మ్యాప్ మీద పేర్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు వస్తాయి చూడండి, అదే. మీ ఇంటికొచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళు ఉన్నారంటే మీరూ పెట్టుకోవచ్చు, గూగుల్ వాళ్ళు చాలాసార్లు చిన్న వీడియో తీసి పంపమంటారు, బోర్డూ పొయ్యీ సామానూ కనపడేలా తీస్తే చాలు. రెండోది వాట్సాప్ బిజినెస్. మామూలు వాట్సాప్ లాంటిదే గానీ అందులో కేటలాగ్ ఉంటుంది, బెల్లం రేకులు ఇంత, పంచదారవి ఇంత, డ్రైఫ్రూట్వి ఇంత అని ఫొటోతో పెట్టేస్తే అడిగిన ప్రతివాళ్ళకీ రేటు మళ్ళీ మళ్ళీ టైప్ చేసే పనుండదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి, బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే ఒకేసారి చాలామందికి పంపే పద్ధతిలో, పంపిన మెసేజీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది. అందుకని ప్రతి డబ్బాలోనూ "మా నంబరు సేవ్ చేసుకోండి" అని చీటీ ఒకటి వేయండి. సంక్రాంతికి పది రోజుల ముందు ఒక మెసేజీ, దసరాకి ఒకటి, అంతే, రోజూ గుడ్‌మార్నింగులు పెడితే బ్లాక్ చేసేస్తారు.

ఇక రాయడం సంగతి. బ్లాగులో ఏం రాయాలి అని మీరు అడగలేదు గానీ అసలు విషయం అక్కడే ఉందమ్మా. "మా పూతరేకులు నంబర్ వన్ నాణ్యత" అని రాస్తే ఎవరూ చదవరు, అది అందరూ రాసేదే. ఫోన్ చేసినవాళ్ళు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో ఓ నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండండి. ఎన్నాళ్ళు నిలవుంటాయి? ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? దారిలో విరిగిపోతే ఎలా? నెయ్యి ఇంట్లో కాచిందేనా? అమెరికా తీసుకెళ్ళడానికి ఎలా ప్యాక్ చేస్తారు? ఒక్కో ప్రశ్నా ఒక్కో పోస్టు. మీరు ఫోన్లో ఎలా చెబుతారో అలాగే రాసేయండి. అత్తగారు రేకు తీసేటప్పుడు దగ్గరగా ఓ వీడియో తీయండి, బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం కంటే పల్చగా రేకు లేస్తుంది కదా, మీకది రోజూ ఉండే పని, సిటీలో పుట్టిన పిల్లలకి మాత్రం ఎప్పుడూ చూడని వింత. కుండ కింద ఏ మంట పెడతారు, ఏ బియ్యం వాడతారు, ఎందుకు అదే బియ్యం, ఇవన్నీ అత్తగారి నోటితోనే చెప్పించండి. ఆవిడకి తెలిసినంత ఏ మార్కెటింగ్ కుర్రాడికీ తెలీదు.

ఇంకో రెండు మాటలు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని ప్రభుత్వం నమోదు చేసే గుర్తింపు. మీరు ఆ ప్రాంతం వాళ్ళే కాబట్టి ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ గుర్తింపు వాడుకునే హక్కున్నవాళ్ళుగా, పేరు నమోదు చేయించుకోడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అక్కడి తయారీదారుల సంఘాన్ని అడగండి. అలాగే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ లేకుండా తిండి వస్తువులు ఆన్‌లైన్లో అమ్మొద్దు, ఆ 14 అంకెల నంబరు డబ్బా మీద వేయించండి. రేపు ఎప్పుడన్నా సైట్ చేయించుకుంటే మాత్రం డొమైన్, అంటే సైట్ అడ్రస్ పేరు, మీ మెయిల్ మీద, మీ ఫోన్ నంబరు మీదే కొనండి. చేసినబ్బాయి పేరు మీద ఉండిపోయి, అతను ఫోనెత్తక, రెన్యువల్ తేదీ దాటిపోయి, ఏళ్ళ తరబడి జనానికి అలవాటైన పేరు పోగొట్టుకున్న షాపులున్నాయి. నాకు ఇందులో ఎక్కువ బాధ కలిగించేది అదే.

ప్రశ్న: అన్నా, మాది భీమవరం దగ్గరండి. నాన్నకి రెండెకరాల వనామీ రకం రొయ్యల చెరువుంది. నాకు డిగ్రీ అయిపోయింది, తెలుగులో బ్లాగు పెట్టి సినిమా న్యూసు, జాబ్ నోటిఫికేషన్లు 60 పోస్టులు దాకా వేశాను. బ్లాగులో గూగుల్ ప్రకటనలు వేసి డబ్బులిచ్చే యాడ్‌సెన్స్‌కి అప్లై చేస్తే లో వేల్యూ కంటెంట్ అని రెండుసార్లు రిజెక్ట్ చేశారు. తెలుగుకి యాడ్స్ ఇవ్వరేమో అని ఫ్రెండ్స్ అంటున్నారు. - ఓ తమ్ముడు

జవాబు: ఇస్తారు తమ్ముడూ, తెలుగుకి యాడ్‌సెన్స్ 2018 నుంచీ ఉంది. నీ 60 పోస్టులూ వేరే సైట్లలోంచి తీసి నాలుగు మాటలు మార్చి పెట్టినవి అయ్యుంటే గూగుల్‌కి అవి ఇంకో కాపీ మాత్రమే, జాబ్ నోటిఫికేషన్ చూడాలంటే జనం పెద్ద సైట్లకే పోతారు కదా, నీ దగ్గరికి ఎందుకు రావాలి? నువ్వు ఉత్తరంలోనే రాశావు, నాన్నకి రెండెకరాల వనామీ చెరువుందని. ఆ ఒక్క ముక్క చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

చెరువు గట్టు మీద తిరిగినవాడు రాయగలిగింది హైదరాబాద్‌లో కూర్చున్నవాడు రాయలేడు. ఉదాహరణకి తెల్లారగట్ల రొయ్య పైకి తేలిపోవడం, నాన్న కంగారుగా నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేయడం నువ్వు చిన్నప్పట్నుంచీ చూసే ఉంటావు. పగలు నీళ్ళలో నాచు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయ్యేసరికి ఎండ లేక అదీ ఆక్సిజన్ పీల్చుకోవడమే, రొయ్యా పీల్చుకోవడమే, అందుకే సూర్యుడు రాకముందు అన్నింటికంటే తక్కువకి పడిపోతుంది. ఈ మాట తేలిక తెలుగులో, మీ చెరువు ఫొటోలతో, ఆక్సిజన్ మీటర్ రీడింగు పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత అని చూపించి రాశావనుకో, కొత్తగా చెరువు వేసిన రైతు అర్ధరాత్రి ఫోన్లో వెతుక్కునేది సరిగ్గా అదే. మేత ట్రేలు ఎలా చూస్తారు, మబ్బు పట్టిన రోజు మేత ఎందుకు తగ్గిస్తారు, రేటు పడిపోయినప్పుడు కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్నది, ఎలా చూసుకుని పట్టుబడి పెడతారు, పది పోస్టులకి సరిపడా నాన్న దగ్గరే ఉంది. మందుల డోసులు మాత్రం సొంతంగా రాయకు. ఒకడు నీ పోస్టు చదివి చెరువులో పోస్తే పోయేది వాడి ఏడాది కష్టం, ఆ విషయంలో మత్స్యశాఖ అధికారి చెప్పిందే పేరుతో సహా రాయి.

కాపీ పోస్టులు తీసేయి, నీ గురించీ, సంప్రదించడానికీ, ప్రైవసీకీ ఒక్కో పేజీ పెట్టు, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో బ్లాగు కలుపు, అది ఫ్రీ, జనం ఏ మాట కొట్టి నీ దగ్గరికి వచ్చారో అందులో కనపడుతుంది. మన రైతులు చాలామంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కాబట్టి టైటిల్లో ఆ మాట రెండు రకాలుగానూ ఉంటే మంచిది. యాడ్‌సెన్స్ వచ్చాక ఖాతాలో 10 డాలర్లు దాటితే అడ్రస్ సరిచూడ్డానికి పిన్ నంబరు పోస్టులో పంపుతారు, 100 డాలర్లు నిండితే గానీ డబ్బు బ్యాంకులో పడదు. తెలుగు బ్లాగుకి అది నిండడానికి నెలలు పడుతుంది, ముందే చెబుతున్నా. ఈలోగా ఇంకో పని వెతుక్కోవడం మానకు. ఫ్రెండ్స్ చేత యాడ్స్ మీద నొక్కించావంటే అకౌంటే పోతుంది.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్నండి, రాజోలు. గోదావరి కాలవల మీద, కాటన్ దొర ఆనకట్ట మీద పాత వ్యాసాలు కంప్యూటర్లో ఉన్నాయి. బ్లాగులో పేస్ట్ చేస్తే పిచ్చి పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

జవాబు: మాస్టారూ, అవి అను ఫాంట్లలో డీటీపీ చేయించినవి అయ్యుంటాయి. ఆ ఫాంట్ లేని చోట అవి తెలుగే కాదు, గూగుల్ కూడా చదవలేదు. ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లోకి మార్చాలి, ఫ్రీగా మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక వత్తులూ అంకెలూ ఓసారి చూసుకోండి, ఆనకట్ట పూర్తయిన 1852 ఇంకేదో అయిపోగలదు. కొత్తవి ఫోన్లోనే తెలుగు కీబోర్డుతో కొట్టండి. ఊరికో కాలవ, లాకుకో కథ మీ దగ్గరుంటాయి, దయచేసి త్వరగా పెట్టండి మాస్టారూ, వాటికోసం ఎదురుచూసేవాళ్ళలో నేనొకణ్ణి.

ప్రశ్న: కడియపులంకలో మాది నర్సరీ అండి. ఇన్‌స్టాలో 10 వేల మంది ఫాలోయర్లని ఇప్పిస్తాం అని ఒకరు, రోజూ లైకులు కొడితే డబ్బులిస్తాం అని టెలిగ్రామ్‌లో ఇంకొకరు వెంటపడుతున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దండి. కొన్న ఫాలోయర్లు మొక్క కొనరు, పైగా నిజంగా మొక్కలు కావాల్సినవాళ్ళకి మీ రీల్స్ చేరడం తగ్గిపోతుంది. అంటు ఎలా కడతారో, లారీలో మొక్క వాడిపోకుండా మట్టిబంతి ఎలా చుడతారో తీసి పెట్టండి, ఆర్డర్లు ఇచ్చేది అవి చూసినవాళ్ళే. లైకుల పని పచ్చి మోసం. మొదట వంద, రెండొందలు నిజంగానే వేస్తారు, తర్వాత పెద్ద టాస్క్ అని మీ చేత డిపాజిట్ కట్టిస్తారు, అది తిరిగి రాదు. ఇప్పటికే కట్టి ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆపించడానికి అంత వీలుంటుంది.